సబ్‌స్టాక్ వదలండి, కానీ వరుస తప్పకండి

సంపాదకుడు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కథలూ వ్యాసాలూ రాసేవాళ్లలో కొందరు సబ్‌స్టాక్‌లో ఈమెయిల్ పత్రికలు నడుపుతున్నారు. నాజీ రాతలకు చోటిచ్చే సంస్థలో ఇక ఉండలేమని బయటికి వస్తున్నవాళ్లున్నారు, రావాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ కోపంలో ఖాతా మూసేసి, తర్వాత పాఠకుల జాబితా కోసం వెతుక్కుంటే ఏం లాభం? ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేశాక బీరువా లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చినట్టు ఉంటుంది. ఏ పని ముందు, ఏది వెనక అన్నది చెప్పడానికే ఈ ఉత్తరం.

సంగతి తెలియనివారికి క్లుప్తంగా. సబ్‌స్టాక్ 2017లో అమెరికాలో మొదలైంది. మనం రాసింది చందాదారుడి ఈమెయిల్‌కి వెళ్తుంది. డబ్బు చందా పెడితే నూటికి 10 సంస్థ తీసుకుంటుంది. 2023 నవంబరులో జొనాథన్ కాట్జ్ అనే విలేకరి ‘ది అట్లాంటిక్’లో ఒక కథనం రాశారు. నాజీ గుర్తుల్ని బాహాటంగా పెట్టుకున్న పత్రికలు అక్కడ కనీసం 16 ఉన్నాయని చూపించారు. డిసెంబరులో రెండు వందల మందికి పైగా రచయితలు సంస్థను బహిరంగంగా నిలదీశారు. అదే నెల 21న సహవ్యవస్థాపకుడు హామిష్ మెకెంజీ జవాబిచ్చారు. నాజీ భావాలు మాకూ నచ్చవు, అయితే వాటిని అణిచినా, వాటికి ఆదాయం ఆపినా సమస్య పోదు, ఇంకా ముదురుతుంది అన్నది దాని సారాంశం. 2024 జనవరిలో, అప్పటికి సబ్‌స్టాక్‌లోనే నడుస్తున్న ‘ప్లాట్‌ఫార్మర్’ పత్రిక కొన్నిటిని ఎత్తిచూపాక, హింసను రెచ్చగొట్టకూడదనే నిబంధన కింద అయిదు పత్రికల్ని తీసేశారు. విధానం మాత్రం మార్చలేదు. ప్లాట్‌ఫార్మర్ ఆ నెలలోనే ఘోస్ట్ అనే మరో వేదికకు వెళ్లిపోయింది. ఇక 2025 జులైలో ఒక నాజీ పత్రికను చూడమంటూ సబ్‌స్టాక్ నుంచే కొందరి ఫోన్లకు నోటిఫికేషన్ వెళ్లింది. పొరపాటు జరిగిందని సంస్థ చెప్పుకుంది. సంస్థ వాదనను సమర్థించి సంతకాలు చేసిన రచయితలూ తక్కువేం కాదు, ఆ మాటా చెప్పాలి.

ఇక్కడొక పక్కమాట. వాళ్లు పెట్టుకున్నది మన గడప మీద పసుపు కుంకుమలతో వేసే స్వస్తిక్ కాదు. తెల్లటి గుండ్రంలో నల్లగా, 45 డిగ్రీలు వంచి వేసిన నాజీ గుర్తు. ఎందుకు వెళ్తున్నారో మీ పాఠకులకు రాసేటప్పుడు ఈ తేడా మొదటి పేరాలోనే చెప్పకపోతే సగం మంది అపార్థం చేసుకుంటారు.

భావస్వేచ్ఛ కదా, నచ్చకపోతే చదవడం మానుకోవచ్చు కదా అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1991లో అక్షరదీపం తరగతుల్లో అక్షరాలు దిద్దిన దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ ముందుండగా, ఊళ్లో సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకాక సారా వేలం పాటల్నే అడ్డుకున్నారు. ఊరిని తాగించి ఆ పాట డబ్బు ఖజానాలో వేసుకునే ఏర్పాటు మీదే వాళ్ల పోరాటం. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సబ్‌స్టాక్ విషయంలోనూ గొడవ అక్కడే. నాజీ పత్రిక చందాలో కూడా ఆ నూటికి 10 సంస్థకు ముడుతుంది. పైగా 2022లో ఒక పత్రిక పాఠకుడికి ఇంకో పత్రికను చూపే సిఫారసుల పద్ధతి, 2023లో చిన్న చిన్న పోస్టులు అందరికీ చూపించే నోట్స్ వచ్చాక సబ్‌స్టాక్ మనం ఇచ్చింది అచ్చేసి పెట్టే ప్రెస్సుగా మిగల్లేదు, కరపత్రం చేతిలో పెట్టే మనిషిలా తయారైంది. మన కథ కింద ఎవరి పత్రిక కనబడుతుందో మన చేతిలో లేదు.

సరే, బయటికి రావాలని తేల్చుకున్నారు. ఎక్కడికి? ఘోస్ట్ అనేది 2013లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్. చందాల్లో వాటా తీసుకోదు. వాళ్ల సర్వర్లోనే పెట్టుకుంటే నెలకింతని అద్దె కట్టాలి. కోడ్ అందరికీ ఉచితమే కాబట్టి సొంత సర్వర్లోనూ పెట్టుకోవచ్చు, కనీసం 1 జీబీ మెమరీ ఉండాలి. అలా ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ని నాజీలూ వాడుకోగలరు, దాన్ని ఎవరూ ఆపలేరు. కాబట్టి చూడాల్సింది సాఫ్ట్‌వేర్ పేరు కాదు. ఆ సర్వర్ నడిపేవాళ్ల నిబంధనల్లో ద్వేషపు రాతల గురించి ఏం రాశారు, అలాంటి పత్రిక ఆదాయంలో వాళ్లకు వాటా ఉందా, ఒక పత్రిక చదివేవాడికి ఇంకో పత్రికను అంటగడతారా, రేపు వెళ్లిపోవాలంటే జాబితా ఇస్తారా, ఇవి చూడాలి. ఇంకో వేదిక బీహైవ్. అందులో 2,500 మంది చందాదారుల దాకా ఉచితం. బటన్‌డౌన్‌లో 100 మంది దాకానే.

అసలు ఇబ్బంది ఏమిటంటే మన తెలుగు పత్రికల పాఠకుల్లో అత్యధికులు ఉచిత చందాదారులు. సబ్‌స్టాక్‌లో 3,000 మందికి ఉచితంగా పంపినా మనకు పైసా ఖర్చు లేదు. బయట ఖర్చవుతుంది. కాస్త సాంకేతిక సాయం ఉన్నవాళ్లకు చవకైన దారి లిస్ట్‌మంక్. షేర్ల కొనుగోలు, అమ్మకాలు చూసే జెరోధా సంస్థ సాంకేతికాధికారి కైలాష్ నాధ్ తయారుచేసి ఉచితంగా వదిలిన, ఈమెయిళ్లు గుంపుగా పంపే సాఫ్ట్‌వేర్ అది. దానికి అమెజాన్ వాళ్ల ఈమెయిల్ పంపే సేవ ఎస్‌ఈఎస్ జోడిస్తే వెయ్యి ఈమెయిళ్లకు 10 సెంట్లు. 3,000 మందికి నెలకు నాలుగు సంచికలంటే 12,000 ఈమెయిళ్లు, 1 డాలరు 20 సెంట్లు. సర్వర్ అద్దె వేరు. ఎస్‌ఈఎస్‌లో కొత్త ఖాతా మొదట ప్రయోగదశలో ఉంటుంది. రోజుకు 200కు మించి వెళ్లవు, అవీ మనం ముందే ధ్రువీకరించిన చిరునామాలకే. ఎలాంటి ఉత్తరాలు పంపుతారో, చందా ఎలా తీసుకున్నారో, వద్దన్నవాళ్లని ఎలా తీసేస్తారో రాసి అడిగితే పరిమితి ఎత్తేస్తారు. ఈ అనుమతి రాకముందే పాఠకులకు తేదీ ప్రకటించకండి.

మొట్టమొదటి పని జాబితా. సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, అది నొక్కితే రాతలన్నీ ఒక జిప్ ఫైలుగా వస్తాయి. చందాదారుల పేజీ నుంచి జాబితాను సీఎస్‌వీ అనే పట్టిక ఫైలుగా విడిగా దించుకోండి. చందాదారులు వేరు, ఫాలోయర్లు వేరు. ఫాలో అయినవాళ్ల ఈమెయిల్ చిరునామాలు మనకు ఇవ్వరు. “నాకు 5,000 మంది ఉన్నారు” అనుకున్నవారికి చేతికి 2,000 మంది రావడానికి కారణం ఇదే. కాబట్టి వెళ్లడానికి నెల ముందు నుంచే ఫాలోయర్లను చందాదారులుగా చేరమని అడుగుతూ ఉండాలి.

దించుకున్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి. తెలుగులో ఉన్న పేర్లన్నీ పైన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలుగా, మధ్య మధ్య డిగ్రీ గుర్తులుగా కనబడతాయి. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరువేరు అక్షరాలనుకుంటుంది. చూసి మూసేస్తే నష్టం లేదు, కానీ అలాగే సేవ్ చేస్తే ఆ చెత్తే అసలుగా మిగులుతుంది, వెనక్కి తేవడం కష్టం. డేటా మెనూలోంచి, తెలుగు అక్షరాల్ని సరిగ్గా గుర్తించే యూటీఎఫ్-8 అని ఎంచుకుని తెరవాలి, లేదా గూగుల్ షీట్స్‌లో వేసుకోవాలి. అసలు ఫైలు ఒక కాపీ ఎవరూ ముట్టని చోట పెట్టండి. అందులో ఉన్నవి మనుషుల చిరునామాలు కాబట్టి సాయం చేసే కుర్రాడికి వాట్సాప్‌లో పంపకండి.

జిప్ ఫైలు విప్పితే రాతలు ఒక్కోటి ఒక్కో హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా ఉంటాయి. హమ్మయ్య, అన్నీ వచ్చేశాయి అనిపిస్తుంది. బొమ్మలు రాలేదు. ఫైలు తెరిస్తే బొమ్మ కనబడుతుంది, ఎందుకంటే అది ఇంకా సబ్‌స్టాక్ సర్వర్ నుంచే వస్తోంది. రేపు ఖాతా తీసేశాక ఆ లింకులు ఎన్నాళ్లు పనిచేస్తాయో మన చేతిలో ఉండదు. ఇంటర్నెట్ ఆపేసి ఒకసారి ఆ ఫైళ్లు తెరిచి చూడండి, ఏవి నిజంగా మన దగ్గర ఉన్నాయో అప్పుడు తేలిపోతుంది. బొమ్మల్ని విడిగా దించుకుని కొత్త చోట ఎక్కించి, లింకులు మార్చాలి. పాఠకుల వ్యాఖ్యలూ రావు. కావలసినవి పీడీఎఫ్‌గా దాచుకోవడమే. ప్రతి రాత మధ్యలోనూ పాత ‘చందాదారులుగా చేరండి’ పెట్టెలూ, రెండేసి శాతం గుర్తుల మధ్య ఇరుక్కున్న కోడ్ మాటలూ మిగిలి ఉంటాయి. వాటిని తీసేయకపోతే కొత్త ఇంట్లో కూర్చుని పాత సంస్థకు చందాదారుల్ని పంపిస్తున్నట్టే. ఎడిటర్‌లో అన్ని ఫైళ్లనూ ఒకేసారి వెతికి తీసేయవచ్చు, గంట పని.

తర్వాత సొంత డొమైన్, అంటే మన పేరుతో ఉండే వెబ్ చిరునామా. ఇది లేకుండా బయటికి రావద్దని మా గట్టి సలహా. డాట్ ఇన్ పేరు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని రచయిత తన పేరు మీద, తన ఈమెయిల్‌తో, తన ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా కొనాలి. సైటు తయారుచేసిన అబ్బాయి పేరు మీద కొంటే అతను ఉద్యోగానికి హైదరాబాదో బెంగుళూరో వెళ్లిపోయాక రెన్యువల్ నాటికి డొమైన్ పోతుంది. మన పట్టణాల్లో సైట్లు మూతపడటానికి ఇదొక పెద్ద కారణం. సబ్‌స్టాక్ లాంటి వేదికను ఇంగ్లీషులో ప్లాట్‌ఫారం అంటారు. ప్రకాశం జిల్లా రైతుకు ప్లాట్‌ఫారం అంటే పొగాకు వేలం కేంద్రం. అక్కడ ‘నో బిడ్’ అయినా, అంటే కొనేవాడు లేకపోయినా, బేలు తిరిగి ఇంటికి వస్తుంది. ఇక్కడ రాత మనదే, తిరిగి వస్తుంది, దానికి దారి చూపే చిరునామా మాత్రం రాదు. చివర సబ్‌స్టాక్ డాట్ కామ్ ఉన్న పాత లింకుల్ని మనం ఎటూ మళ్లించలేం.

సబ్‌స్టాక్‌కి 50 డాలర్లు ఒకసారి కట్టి ఇప్పటికే సొంత డొమైన్ పెట్టుకున్నవారు అదృష్టవంతులు. వాళ్లకు మిగిలేది దారి మళ్లింపు ఒక్కటే. సబ్‌స్టాక్ చిరునామాల్లో డొమైన్‌కీ వ్యాసం పేరుకీ మధ్య ‘పి’ అనే మెట్టు ఒకటి ఉంటుంది. ఘోస్ట్‌లో మామూలుగా ఉండదు. ఘోస్ట్ రీడైరెక్ట్ ఫైలులో ఆ మెట్టు తీసేసి మిగతాది ఉంచమని ఒక్క వరుస రాస్తే పాత లింకులన్నీ తెరుచుకుంటాయి. అది రాయకపోతే వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న లింకులు ‘పేజీ దొరకలేదు’ అంటాయి. కొత్త చోట వ్యాసం చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. భాషాభిమానం సరేగానీ, ‘నెల్లూరు’ అన్న ఒక్క మాట లింకులోకి వెళ్తే శాతం గుర్తులతో 72 అక్షరాలవుతుంది. ఎస్సెమ్మెస్‌లో పంపితే మధ్యలో తెగే ప్రమాదం ఉంది.

డొమైన్ లేనివారు గణాంకాల పేజీలో ఎక్కువ మంది చదివిన పది, పదిహేను రాతలు తీసుకుని, ఒక్కోదాని మొదటి వరుసలో కొత్త చిరునామా చేర్చండి. పాత రాతను సవరిస్తే చందాదారులకు మళ్లీ ఈమెయిల్ వెళ్లదు, భయం లేదు.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది ఈమెయిల్ దగ్గర. ఇన్నాళ్లూ మన ఉత్తరం సబ్‌స్టాక్ పరువు మీద ఇన్‌బాక్స్‌లోకి వెళ్లింది. రేపటి నుంచి మన డొమైన్ పరువు మీద వెళ్లాలి, దానికింకా పరువంటూ ఏమీ లేదు. డొమైన్ వివరాలు నమోదయ్యే డీఎన్‌ఎస్‌లో మూడు రికార్డులు పెట్టాలి. ఎస్‌పీఎఫ్ అంటే ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే వరుస. డీకిమ్ అంటే ప్రతి ఉత్తరం మీద పడే సంతకం. డీమార్క్ అంటే ఆ రెండూ కుదరకపోతే ఏం చేయాలో చెప్పేది. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి అని జీమెయిల్ నిబంధన పెట్టింది. తక్కువ పంపేవారూ మూడూ పెట్టుకోవడమే మంచిది. డీమార్క్‌ను మొదట ‘ఏమీ చేయొద్దు, నివేదిక పంపు’ అన్న స్థితిలో ఉంచి, నెల రోజులు చూసి బిగించాలి.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, పాత ఎస్‌పీఎఫ్ వరుస అలాగే ఉండగా ఇంకొకటి చేర్చడం. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు, ఉన్నదాంట్లోనే కొత్త సర్వర్ పేరు కలపాలి. రెండోది, పేరు పెట్టెలో డొమైన్ మొత్తం టైపు చేయడం. చాలా ప్యానెళ్లు చివర డొమైన్‌ని వాటంతట అవే తగిలిస్తాయి. దాంతో పేరు రెండుసార్లు పడి రికార్డు ఎవరికీ కనబడదు. పెట్టాక జీమెయిల్‌కి ఒక ఉత్తరం పంపి, ‘షో ఒరిజినల్’ తెరిచి, మూడింటి పక్కనా ‘పాస్’ అని ఉందో లేదో చూడండి.

అప్పుడైనా 3,000 మందికీ ఒకేసారి పంపకండి. నిన్నటిదాకా ఎవరో తెలియని డొమైన్ నుంచి ఒక్కసారి వేల ఉత్తరాలు వస్తే జీమెయిల్ స్పామ్‌లోకి తోసేస్తుంది. ఒకసారి అందులో పడితే పైకి రావడానికి వారాలు పడుతుంది. గత ఆరు నెలల్లో తెరిచి చదివినవాళ్లను విడదీసి, మొదటి రోజు అందులో 200 మందికి, రెండు రోజులాగి 400, మళ్లీ 800, అలా రెండు వారాల్లో అందరికీ చేరాలి. ఏడాదిగా తెరవనివాళ్లకు చివర్లో, ఉంటారా పోతారా అని ఒక్క ఉత్తరం. వెనక్కి తిరిగొచ్చే ఉత్తరాలు నూటికి 5 దాటితే ఎస్‌ఈఎస్ మన ఖాతాను పరిశీలనలో పెడుతుంది, 10 దాటితే ఆపేయవచ్చు. స్పామ్ అని నొక్కేవాళ్లు వెయ్యికి ముగ్గురైతే జీమెయిల్ దగ్గర మన పని అయిపోయినట్టే.

తెలుగుకి ప్రత్యేకంగా ఒక గండం ఉంది. ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి ‘మొత్తం చూడండి’ అని లింకు పెడుతుంది. ఇంగ్లీషు రచయితకు ఈ హద్దు తగలడం అరుదు. తెలుగులో హల్లు, పొల్లు, గుణింతం గుర్తు అన్నీ విడివిడిగా మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18. మాటకు సగటున పాతిక బైట్లు వేసుకుని, టెంప్లేటుకు ఇంకో పాతిక కిలోబైట్లు కలిపితే మూడు వేల మాటల దగ్గర కత్తెర పడుతుంది. కొన్ని సాధనాలు తెలుగు అక్షరాన్ని అంకెల కోడ్‌గా మార్చి పంపుతాయి. అప్పుడు ఒక్కో గుర్తుకు 7 బైట్లు, 1,300-1,400 మాటలకే తెగుతుంది. తెగితే పోయేది కథ ముగింపు ఒక్కటే కాదు. ‘చందా వద్దు’ అనే లింకు అట్టడుగున ఉంటుంది, అదీ పోతుంది. అది కనబడని పాఠకుడు స్పామ్ నొక్కుతాడు. కాబట్టి పెద్ద కథైతే వెయ్యి మాటలు ఈమెయిల్లో పెట్టి మిగతాది సైటులో చదివించండి.

డబ్బు చందాల సంగతి మనవాళ్లలో కొద్దిమందికే వర్తిస్తుంది. సబ్‌స్టాక్ చెల్లింపులు ప్రధానంగా స్ట్రైప్ అనే, కార్డు చెల్లింపులు చూసే సంస్థ ద్వారా. భారతదేశంలో స్ట్రైప్ 2024 నుంచి ఆహ్వానం ఉన్నవారికే కొత్త ఖాతా ఇస్తోంది. ఖాతా ఉన్నవాళ్లకు ఊరట ఏమిటంటే అది రచయితదే, సబ్‌స్టాక్‌ది కాదు. ఘోస్ట్‌కి అదే ఖాతా తగిలిస్తే పాఠకులు మళ్లీ కార్డు నంబరు ఇవ్వక్కర్లేదు. కాకపోతే పాత చందాల మీద ఆ నూటికి 10 కోత ఆగిందో లేదో స్ట్రైప్‌లో ఒక్కో చెల్లింపు తెరిచి చూసుకోవాలి. ఇక్కడి పాఠకుల నుంచి యూపీఐలో తీసుకోవాలంటే నెలచందా తలనొప్పి వదిలేసి, వారపత్రికల్లా ఏడాది చందా పెట్టి, డబ్బు అందాక వాళ్లను ఘోస్ట్‌లో ‘కాంప్లిమెంటరీ’ సభ్యులుగా చేతితో చేర్చడం తేలిక. వంద మంది దాకా ఇది హాయిగా నడుస్తుంది.

ఇవన్నీ అయ్యాకే పాత చోటి నుంచి వీడ్కోలు సంచిక. ఎందుకు వెళ్తున్నామో నాలుగు వాక్యాలు చాలు. ఆ నాజీ పత్రికల పేర్లు రాయకండి, లింకులు అసలే ఇవ్వకండి, చూద్దామని నొక్కే ప్రతి పాఠకుడూ వాళ్లకు లాభమే. వచ్చే సంచిక ఏ తేదీన, ఏ చిరునామా నుంచి వస్తుందో పెద్ద అక్షరాల్లో చెప్పి, దాన్ని కాంటాక్ట్స్‌లో చేర్చుకోమని అడగండి. వారం ఆగి అదే మాట ఇంకోసారి.

పాత ఖాతాను మూడు నెలలు మూయకండి. వాట్సాప్‌లో తిరిగే పాత లింకు పట్టుకుని వచ్చి అక్కడే చేరేవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. వారానికోసారి ఆ కొత్త చిరునామాలు దించుకుని ఇటు చేర్చి, వాళ్లకు విడిగా ఒక స్వాగత ఉత్తరం పంపండి. మూడో నెల చివర ఆఖరిసారి జాబితా తీసుకుని, అప్పుడు ఖాతా తీసేయవచ్చు.

ఇట్లు,
ఈమెయిల్ పత్రికల సాంకేతిక పనులు చూసే కొందరం,
నెల్లూరు, ఒంగోలు